బస్సు రోడ్డు నుంచి తొమ్మిదో స్థలం

1983లో ఒక ఆదివారం పొద్దున్న. విశాఖపట్నంలో గాజువాక దాటాక ఒక కొత్త లేఔటు, అందులో మోకాలెత్తు లేచిన ఒక ఇంటి పునాది.

"అదే చెబుతున్నానోయ్, తాపీ పని ఇప్పుడు లేదు. గోడలు లేచేది రెండో విడత డబ్బు వచ్చాకే. నీళ్ళు కొట్టడానికి మా ఆవిడ ఉంది."

"నాను పనికి రానేదండి, బాబుగారూ. ఊరికే సూద్దారని ఒచ్చినాను."

"చూడు, చూడు. చూడ్డానికి టిక్కెట్టు లేదు. ఆ ఇటుకల మీద మాత్రం కూర్చోకు, సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. ఏ ఊరు మనది?"

"ఎలమంచిలి కాడండి. జగ్గారావంటారు. ఉక్కు ప్రాజెక్టులో ఖలాసీ పని."

"ఇనప దూలాలు పైకెత్తే పనా? భేష్. నా పేరు కామరాజు. మాది కాకినాడ. పోర్టులో టాలీ గుమాస్తాని. టాలీ అంటే తెలుసా? ఓడలోంచి దిగిన ప్రతి బస్తా నా కళ్ళ ముందు నుంచే పోవాలి. నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత. అలా పద్ధెనిమిదేళ్ళు. లెక్కలో ఒక్క బస్తా తేడా రాలేదు."

"ఒక్కటీ రానేదేటి?"

"ఒక్కటొచ్చింది. అది ఓడవాడి తప్పు. కాంతం, ఆ మూలకి నీళ్ళు అందలేదు చూడు."

"అందాయండీ. ఆయన్ని నిలబెట్టి మాట్లాడేస్తున్నారు, కాస్త మజ్జిగైనా ఇవ్వమంటారా?"

"ఇవ్వు, ఇవ్వు. ఇల్లు చూడ్డానికి వచ్చిన మొదటి మనిషి. చూడవోయ్ జగ్గారావూ, ఇది ముందు గది. ఇక్కణ్ణించి ఇక్కడికి. ఇది వంటిల్లు. ఇదిగో, ఈ గోడ మధ్యలో ఎందుకుందో చెప్పు?"

"తెలదండి."

"అవతలది రెండో వాటా. అద్దెకి. స్టీలు ప్లాంటుకి రాంచీ నుంచీ భిలాయి నుంచీ ఇంజనీర్లు దిగుతున్నారు, తల దాచుకోడానికి చోటు లేదు వాళ్ళకి. నెలకి రెండొందల యాభై ఇస్తాడు, చేతులు కట్టుకుని. నాకు జీతంలో కోత రెండొందల ఎనభై. అంటే ఈ ఇల్లు కట్టేది నేను కాదోయ్, అద్దెకున్నవాడు. నేను ఊరికే ఇందులో ఉంటాను."

"ఆ అద్దెకుండేవాడు ఇంకా రాంచీలో రైలెక్కలేదు. నా నాలుగు గాజులు మాత్రం వన్ టౌన్ మార్వాడీ కొట్లో ఎప్పుడో కాపురం పెట్టేశాయి. ఇదిగో అన్నయ్యగారూ, మజ్జిగ."

"వొద్దమ్మా, మీకెందుకు శ్రమ."

"తీసుకోండి. మొహం అంత పీక్కుపోయిందేం?"

"ఎండలో నడిసొచ్చినానమ్మ. అంతే."

"ఎండేవిటి, ఇంకా ఎనిమిదవలేదు. సరేగాని, గజం ఎంత పడిందని అడగవేం? అందరూ ముందు అదే అడుగుతారు."

"ఎంతండి?"

"ఎనభైలో కొన్నప్పుడు ఇరవై రెండు. ఇప్పుడు నలభైకి అడుగుతున్నారు. డెబ్బై ఒకటిలో ప్లాంటుకి శంకుస్థాపన రాయి వేసినప్పుడే కొనమన్నాడు మా బ్రోకరు దొరబాబు. గజం మూడు రూపాయలు. రాయి వేసినంత మాత్రాన ఉక్కు కారుతుందా అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఖరీదు గజానికి పంతొమ్మిది రూపాయలు."

"దొరబాబంటే ద్వారకా నగర్లో మేడ మీద ఆఫీసు, ఆయనేనాండి?"

"ఆయనే. నీకూ తెలుసా?"

"తెలుసండి."

"మంచివాడు. మాటలు కాస్త ఎక్కువ."

"మీరే అనాలి ఆ మాట."

"నువ్వు నీళ్ళు కొట్టవే, కాంతం."

"మరి అప్పెవులిచ్చినారు, బాబుగారూ?"

"పోర్టు. ఇంటి అడ్వాన్సు. నలభై వేలు, మూడు విడతలు. మొదటి విడత ఇదిగో, ఈ పునాదిలో ఉంది. పైసా మిగల్లేదు. రేపు సోమవారం మా ఇంజనీరు గారు వస్తారు. కాయితాల్లో ఏ నంబరు రాశానో ఆ నంబరు స్థలంలోనే కట్టానని చూస్తారు, సంతకం పెడతారు. అప్పుడు రెండో విడత. స్థలం దస్తావేజు వాళ్ళ దగ్గరే తనఖా."

"ఒకేల నంబరు తేడా వొస్తేనండి?"

"తేడా ఎందుకొస్తుంది?"

"ఒస్తే."

"వస్తే రెండో విడత రాదు. ఇచ్చిందంతా వడ్డీతో సహా ఒక్కసారే కక్కమంటారు. అంత డబ్బుంటే అడ్వాన్సెందుకోయ్ నాకు? అయినా అడగవలసిన ప్రశ్నేనా అది, పునాది దగ్గర నిలబడి?"

"తప్పయిపోనాదండి. మరి ఆ సరుగుడు తోట అవతల ఉన్న జాగాలు కూడా ఈ లేఔటులోయేనేటి?"

"ఇందులోవే. ముప్పై స్థలాలు, ఒకటే వరస. బస్సు రోడ్డు దగ్గర మొదలై తోట దాటి పోతుంది. తోట అవతల కొన్నవాడి మొహం ఒక్కసారి చూడాలని ఉంది నాకు. బస్సు దిగి అంత దూరం నడవాలి. వానొస్తే మోకాలి లోతు బురద. నీళ్ళు ఉప్పు. నక్కయినా అటు వెళ్ళి ఏడవదు."

"మీరెప్పుడైనా ఎల్లినారేటి అటు?"

"నాకేం పని? నాది ఇక్కడ. బస్సు రోడ్డు నుంచి తొమ్మిదోది. తొమ్మిదో నంబరు."

"తొమ్మిది."

"తొమ్మిది. మంచి అంకె."

"ఒక మాటడగనా, బాబుగారూ? సదువుకున్నోరు గదా. ఒకడు తెలక, మోసం గీసం నేకుండా, ఇంకొకడి జాగాలో ఇల్లు కట్టీసినాడనుకోండి. అప్పుడేటి సెయ్యాలి?"

"కూల్చాలి."

"ఎవులు?"

"కట్టినవాడే. తన గునపంతో తనే. ఖర్చూ వాడిదే."

"తెలక కట్టినాడండి, పాపం."

"తెలియకపోవడం ఏవిటి? కాపురం ఉండబోయే చోటేదో తెలియనివాడికి ఇల్లెందుకోయ్? రేపు ఇంకోడి వంటింట్లోకి వెళ్ళి, తెలియక వచ్చాను వడ్డించమంటాడు."

"ఎందుకండీ అంత కోపం, ఎవరో ఏదో అడిగితే?"

"కోపం కాదు కాంతం, న్యాయం. మన స్థలంలో ఇంకొకడు ఒక్క ఇటుక పెట్టినా వదలకూడదు. ఇవాళ ఇటుక, రేపు గోడ, ఎల్లుండి కోర్టు."

"ఒదలకూడదంటారు."

"ససేమిరా."

"అలాగైతే నానెల్లొస్తానండి."

"అదేవిటి, మజ్జిగ సగం కూడా తాగలేదు. కూర్చో. నీకేవైనా జరిగిందా అలాగ?"

"జరిగిందండి."

"నీ స్థలంలో ఇంకెవడో కట్టాడా?"

"కట్టినారండి."

"ఎవడు? పేరు చెప్పు. నేను వచ్చి మాట్లాడతాను. పనివాడు కదా, నోరు లేదు కదా అని ఇలాగే చేస్తారు. ఎవడు వాడు?"

"సెప్పమంటారేటి?"

"చెప్పవోయ్."

"మీరేనండి."

"ఎవరు?"

"మీరే, బాబుగారూ. ఇది తొమ్మిది కాదు. ఇరవై రెండు. నాది."

"కాంతం, విన్నావా? భలే తమాషా మనిషివయ్యా నువ్వు. ఆయ్, పొద్దున్నే బాగా నవ్వించావు."

"ఆయన నవ్వటం లేదండీ."

"లెక్కపెట్టుకో నువ్వే. అదిగో బస్సు రోడ్డు. ఒకటి, రెండు, మూడు. ఓడలో సరుకు గదులుంటాయి, వాటికి ముక్కు వైపు నుంచే నంబర్లు వేస్తారు. ప్రపంచంలో ఏ ఓడకైనా అంతే. వరసకి ముక్కెక్కడ? రోడ్డు దగ్గర. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఇది."

"ఓడకంతేనేమోనండి. దీనికి మాత్రం అటేపు నుంచి ఏసినారు. ఇదిగోండి, ప్లాను నకలు. మొన్న బుధవారం దొరబాబు ఆఫీసులో తీయించినాను. ముద్ర కూడా ఉన్నాది, సూడండి."

"అటు నుంచి ఎందుకేస్తారు?"

"అప్పట్లో ప్లాంటు గేటు అటేపొస్తాదనుకున్నారంట. రోడ్డూ అటే పడతాదని, అటు నుంచి ఒకటీ రెండూ ఏసినారు. తీరా గేటు ఇటొచ్చీసింది, బస్సూ ఇటొచ్చీసింది. నంబర్లు మాత్రం అటే ఉండిపోనాయి."

"రాళ్ళ మీద అంకెలుండేవి."

"ఉండేవండీ. తుఫానుకి సగం పోయాయి, మిగతావి గేదెలు ఒళ్ళు రుద్దుకుని చెరిపేశాయి. అప్పుడే అన్నాను మీతో, సర్వేయరుని పిలిచి చూపించుకుందామని. పాతిక రూపాయలు దండగన్నారు. పద్ధెనిమిదేళ్ళు ఓడలు లెక్కపెట్టినవాణ్ణి, తొమ్మిది రాళ్ళు లెక్కపెట్టలేనా అన్నారు."

"కాంతం, ఇప్పుడు కాదు."

"ఇంకెప్పుడండీ?"

"ముప్పై స్థలాలు. ఇటు నుంచి తొమ్మిదోది అటు నుంచి ఎన్నోది? ముప్పై ఒకటిలోంచి తొమ్మిది తీస్తే…"

"ఇరవై రెండు, బాబుగారూ."

"ఇరవై రెండు. అయితే నా తొమ్మిది…"

"తోట అవతలండి."

"తోట అవతల."

"అవునండి."

"జగ్గారావు గారూ, నిలబడిపోయారేం? కూర్చోండి. ఆ ఇటుకల మీదే కూర్చోండి, ఫరవాలేదు."

"పచ్చిగా ఉన్నాయన్నారు."

"ఆరిపోయాయండి. కాంతం, ఆయనకి ఇంకో గ్లాసు మజ్జిగ."

"వొద్దండి. సట్టం ప్రకారం, జాగా ఎవులిదో దాని మీద కట్టింది కూడా ఆళ్ళదేనంట గదా?"

"ఎవరన్నారు మీతో?"

"మా కాంట్రాక్టరు ఆఫీసులో గుమాస్తా అన్నాడు."

"వాడెవడో గాని మనిషి కాడండి."

"నాకూ ఆ మాట నచ్చనేదండి. మూడు దినాలై అదే మనసులో తిరుగుతున్నాది."

"చూశారా, మీది మంచి మనసు. చూడగానే అనుకున్నాను."

"సూడగానే తాపీ పనికొచ్చినాననుకున్నారండి."

"అన్నయ్యగారూ, ఆయన మాటలకేం గాని, నేను చెబుతాను వినండి. వన్ టౌన్లో పదకొండేళ్ళు ఒక్క గదిలో ఉన్నాం. కిటికీ లేదు. కుళాయికి మా వంతు వచ్చేసరికి నీళ్ళు ఆగిపోయేవి. పోయిన వారం ఈ పునాది లేచిన రోజు నేను ఒక్కదాన్నీ ఇక్కడ కూర్చుని, సముద్రపు గాలి తగులుతుంటే ఏడ్చాను. సంతోషంతోనే. ఇప్పుడిది పోతే నేను మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళలేను. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"అంత మాటనకమ్మా. నాకు తెల్దేటి? జీడితోటలో నా వాటా అమ్మి ఈ జాగా కొన్నాను. ఊళ్ళో మరి నాకు సెంటు భూమి నేదు. మా అన్న అడిగినాడు, రేపు తేడా వొస్తే ఎక్కడికి పోతావురా అని. ఇది పోతే నాకూ ఎక్కడా నేదమ్మా. అందుకే భయమేస్తాది."

"మీకేం భయమండి? భయం మాది."

"అందరికీ ఉంటాదండి. మరి కూల్చాలన్నారు గదా, బాబుగారూ?"

"అన్నాను. ఏదో వాడెవడో అనుకుని అన్నాను."

"ఎవుడైనా ఒకటే గదండి. తెలక కట్టినోడు."

"ఒకటే, ఒకటే. తెలియక కట్టినవాడు దొంగ కాడు. పొరబాటు మానవ సహజం."

"అంటే కూల్చక్కర్నేదంటారు?"

"అక్కర్లేదు."

"ఖర్సు?"

"ఎవరికీ ఏ ఖర్చూ వద్దు. తెలియక కట్టినవాడికి కట్టింది ఉండనివ్వాలి, దానికి బదులు తన స్థలం అవతలివాడికి ఇచ్చెయ్యాలి. అదీ న్యాయం."

"ఇందాక సెప్పిందీ న్యాయమేనన్నారు."

"అది తొందరలో చెప్పిన న్యాయమండి. ఇది ఆలోచించి చెబుతున్నాను. మీ ఇరవై రెండు నాకు, నా తొమ్మిది మీకు. రెండూ రెండొందల గజాలే. గజం తేడా లేదు."

"తోట అవతల నక్కయినా ఎల్లి ఏడవదన్నారు."

"అంటే అంత ప్రశాంతంగా ఉంటుందన్నమాట."

"నడవాలన్నారు."

"ఒంటికి మంచిది కదండీ. సరుగుడు నీడ. గాలి. మీ పిల్లలు ఆడుకోడానికి ఎంత చోటు. ఇక్కడేముంది, బస్సుల దుమ్ము."

"నీళ్ళుప్పన్నారు."

"నేను తాగి చూశానా ఏం?"

"తియ్యగానే ఉంటాయండి."

"మీకెలా తెలుసు?"

"అటేపోళ్ళు అనుకుంటే ఇన్నాను. సరే, ఇంకొకటి. మీ తొమ్మిది దస్తావేజు పోర్టోళ్ళ కాడ తనఖాలో ఉన్నాదన్నారు. అది నాకిచ్చీసినాక, రేపు మీరు అప్పు తీర్చలేదనుకోండి. ఆళ్ళొచ్చి నా ఇ… నా జాగా పట్టుకుపోరేటి?"

"మంచి ప్రశ్న. రేపు ఇంజనీరు గారితో నేనే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను."

"దాచేద్దామనుకున్నారేమోనని భయపడ్డానండీ."

"దాస్తే దాగుతుందా కాంతం, రేపు ప్లాను చూస్తే? ముందే చెప్పి, మనిద్దరం స్థలాలు మార్చుకుంటున్నామని రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు రాయించి, తనఖా తొమ్మిది మీద తీసేసి ఇరవై రెండు మీద వెయ్యమని దరఖాస్తు పెడతాను. మా సెక్షన్లో రమణమూర్తి గారని పెద్దాయనున్నారు. రెండో విడత ఒక నెల ఆలస్యమవుతుంది, అవనీ. మీ పేరు మీద ఒప్పందం కాయితం ఉంటే ఆయన చేయిస్తారు. లేకపోతేనే నా గతి కుక్కలు చింపిన విస్తరి."

"తనఖా నా జాగా మీంచి పోయినట్టు కాయితం ఒచ్చీదాకా?"

"అంతదాకా రెండో విడతలో రూపాయి ముట్టను. అన్నవరం సత్యనారాయణస్వామి మీద ఒట్టు."

"ఒట్టొద్దండి. దేవుణ్ణెందుకు మధ్యలో. రాసిచ్చీండి."

"రాసిస్తాను. కాంతం, నా సంచీలో టాలీ పుస్తకం ఉంటుంది, తే. ఏమని రాయమంటారు? 'కామరాజు అను నేను, జగ్గారావు గారి స్థలములో పొరపాటున కట్టిన పునాది'…"

"పేర్లొద్దండి."

"పేర్లు లేకపోతే ఎలా?"

"కింద సంతకాలుంటాయి గదా. పైన 'మా ఇద్దరిలో ఎవరు ఎవరి జాగాలో తెలియక ఏటి కట్టినా' అని రాయండి."

"మీరు ఎంత మర్యాదస్తులండీ. నా ఒక్కడి పేరూ పడి నేను చిన్నబోకూడదని. చూశావా కాంతం? మన వాళ్ళలో ఉన్నారా ఇలాంటి మనుషులు?"

"రాయండి ముందు. ఆయన మనసు మారకముందే."

"'మా ఇద్దరిలో ఎవరు ఎవరి స్థలములో తెలియక ఏమి కట్టిననూ'…"

"'పునాదైనా, గోడైనా, కప్పైనా.'"

"కప్పు ఇంకా వెయ్యలేదుగా నేను?"

"ఏస్తారు గదండి ముందు ముందు."

"అదీ నిజమే. '…పునాది అయిననూ, గోడ అయిననూ, కప్పు అయిననూ, రెండవవారు దానిని కూల్చమని గాని, సొమ్ము ఇమ్మని గాని, ఖాళీ చేయమని గాని అడుగరాదు.'"

"'కోపం కూడా పడకూడదు.'"

"అది దస్తావేజుల్లో రాయరండి."

"రాయండి. నాకు ధైర్నంగా ఉంటాది."

"'కోపపడరాదు.' సరేనా? 'స్థలములు ఒకరివి ఒకరు పుచ్చుకొని, ఖర్చులు చెరి సగము భరించి దస్తావేజు రాయించుకొనవలెను.' ఖర్చులు నేనే పెట్టుకుంటాను లెండి. తప్పు నాది."

"వొద్దండి. సెరి సగమే. సగం తప్పు మీది."

"మిగతా సగం?"

"బస్సోడిది. బస్సు దిగినోడెవుడైనా ఇటు నుంచే లెక్కెడతాడు."

"అన్నయ్యగారూ, మీ నోట్లో పంచదార పొయ్యాలి. ఏవండీ, మీరు ముందు సంతకం చెయ్యండి."

"ఇదిగో. కామరాజు. నువ్వు సాక్షి సంతకం చెయ్యి. జగ్గారావు గారూ, మీ సంతకం ఇక్కడ. కలం అలా బిగించకండి, కాయితం చిరుగుతుంది. ఆయ్, అంతే. ఒకటి మీకు, కింద కార్బను నకలు నాకు. అమ్మయ్య. గుండె మీంచి ఓడ దిగినట్టుంది."

"నాకూనండి."

"ఇంక మీరు ఈ ఇంటి మనిషి. గృహప్రవేశానికి మీరిద్దరూ రావాలి. మీ ఆవిడ పేరేవిటి?"

"గౌరీశ్వరండి."

"ఆవిణ్ణి తీసుకురండి. మొదటి బొట్టు ఆవిడకే పెడతాను. పిల్లలా?"

"ఇద్దరమ్మా."

"ఇప్పుడెక్కడుంటున్నారు మరి?"

"ఇక్కడేనమ్మా. దగ్గిర్నే."

"అయితే పదండి జగ్గారావు గారూ, మీ కొత్త స్థలం చూసొద్దాం. నేనూ చూడలేదు కదా. కొనడం నేను కొన్నాను, చూడ్డం మీతో రాసిపెట్టుంది."

"ఇప్పుడేటి? ఎండెక్కుతున్నాది. రేపు సూద్దారి."

"రేపు ఇంజనీరు గారు. మళ్ళీ ఆదివారం దాకా తీరదు నాకు. పదండి, పది నిమిషాల పని. మీకు నేను స్వయంగా అప్పగించాలి."

"ముందే సూసినానండి నాను."

"చూసి కూడా ఒప్పుకున్నారా? మహానుభావులు. నడు కాంతం. చెంబు అక్కడ పెట్టు, ఎవరూ ఎత్తుకుపోరు."

"ఏవండీ, మరీ అంత దూరమేం కాదు. ఊరికే భయపెట్టారు. నీడగా బాగుంది."

"చెప్పానా? సరుగుడు గాలి. పద్నాలుగు, పదిహేను. ఇటు నుంచి లెక్కపెడుతున్నానండి, కంగారుపడకండి. ఈసారి తప్పు రాదు. ఏం, వెనకబడ్డారేం?"

"నడుస్తున్నానండి."

"పంతొమ్మిది. ఇరవై. బురదేదీ? నేనే అనవసరంగా అన్నాను. ఇరవై ఒకటి. అదిగో, ఆ పక్కదే ఇరవై రెండోది. అటు నుంచి తొమ్మిది. అదేవిటది?"

"ఇల్లండీ."

"ఇల్లని నాకూ కనిపిస్తోంది. ఎవరిది? తలుపులు, కిటికీలు, పైన కప్పు. సున్నం కూడా వేసేశారు. ముందు నుయ్యి. మళ్ళీ లెక్కపెట్టు కాంతం, నేను ఎక్కడో తప్పాను."

"తప్పలేదండీ. నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇదే."

"నా స్థలంలో ఇల్లు కట్టేశాడెవడో. ఎంత గుండె. జగ్గారావు గారూ, చూశారా? మీకిస్తానన్న స్థలమండి. ఇప్పుడు మీకేం ఇవ్వను నేను? మన ఒప్పందం ఏం కాను? నా పునాది ఏం కాను? వీణ్ణి వదలను. ఇవాళే పోలీసు స్టేషనుకి వెళ్తాను. వాడి గునపంతో వాడి చేతే…"

"ఏవండీ, ఇందాక మీరేమన్నారో గుర్తు తెచ్చుకోండి."

"అది వేరు. ఇది మొత్తం ఇల్లు. మీరు మాట్లాడరేమండి జగ్గారావు గారూ? స్థలం మీది, నేను అరవడమేవిటి? అదిగో, గుమ్మంలోకి ఎవరో ఆవిడ వచ్చింది. అడుగుతాను. ఏమ్మా, ఎవరు కట్టారు ఈ ఇల్లు?"

"ఏటయ్యా, ఈళ్ళేనేటి మన ఇల్లున్న జాగా గలోళ్ళు? నాలుగు దినాలై నువ్వు అన్నం తిన్నేదు, నాను నిద్దరోనేదు. కూల్చమన్నారా, ఉండమన్నారా, అదొక్కటి సెప్పీ."